పన్నెండు మందల విందు

మా ఆఫీసులో చేరిన మొదటి రోజే నాగరాణి నాకు నచ్చింది. ఆమె చదువు చూసి కాదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, జొన్నరొట్టె, మాంసం కూర బయటపెట్టి, "అక్కా, నువ్వు తినకుంటే నాకు బుక్క దిగదు" అంటూ సగం నా డబ్బా మూతలో వేసేసింది. తిండి దగ్గర లెక్కలు చూడని మనిషిని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను. కంప్యూటర్లని మాత్రం కళ్లు తెరుచుకుని కూడా నమ్మను. మొదటి అభిప్రాయం ఇప్పటికీ అలాగే ఉంది. రెండోది ఈ ఎండాకాలంలో కాస్త మెత్తబడింది. ఎలా మెత్తబడిందో చెబుతాను.

నా పేరు అనసూయ. కోదాడ నుంచి రోజూ బస్సులో సూర్యాపేట వస్తాను. కొత్త బస్టాండుకి కొంచెం ఇవతల, ఎరువుల దుకాణం పైన మా రైతు కంపెనీ ఆఫీసు. రైతులే సభ్యులు, వాళ్లలోంచే డైరెక్టర్లు. ఫోన్లు ఎత్తడం, సభ్యుల చేత మాటలు పడటం, అవసరమైతే నాలుగు అనడం నా ఉద్యోగం. కంప్యూటర్ పని నాగరాణిది. ఆమెది తుంగతుర్తి వైపు పల్లె. తండ్రి బీరయ్యకి గొర్రెల మంద ఉంది. కోదాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది కాబట్టి నా కోదాడ మాటని వెక్కిరించే హక్కు తనకి ఉందంటుంది.

ఇక్కడ గొర్రెల సంగతి కొంచెం చెప్పాలి. యాసంగి వరి కోతలు అయ్యాక సాగర్ ఎడమ కాలువ కింద పొలాలన్నీ ఖాళీగా ఉంటాయి. అదే సమయానికి తుంగతుర్తి వైపు మేత తగ్గిపోతుంది. అప్పుడు కాపరులు మందలు తోలుకుని మిర్యాలగూడ, దామరచర్ల వైపు దిగుతారు. పగలంతా మేపి, రాత్రికి ఎవరో ఒక రైతు పొలంలో మందని పడుకోబెడతారు. తెల్లారేసరికి పొలానికి మంచి ఎరువు పడుతుంది. రైతు ఆ సాయంత్రం కాపరులకి అన్నం పెడతాడు. దీన్నే మంద పెట్టించడం అంటారు. అంతా బాగానే ఉంది గానీ, ఈ రాత్రి ఏ పొలం దొరుకుతుందో కాపరికి తెలియదు. ఏ రోజు ఏ మంద వస్తుందో రైతుకీ తెలియదు.

నాగరాణి చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తండ్రితో మంద వెంట వెళ్లేది. సాయంత్రం కాగానే బీరయ్య కూతుర్ని వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లి, పెద్ద రైతుల గేట్ల దగ్గర నిలబడి, "పటేలా, మంద పెట్టించుకుంటరా?" అని అడిగేవాడట. లోపల ఆలోచించుకునేవారు, పక్కవాళ్లతో మాట్లాడుకునేవారు, ఫోన్లు చేసుకునేవారు. ఈయన గేటు పక్కన అలాగే నిలబడి ఉండేవాడు.

"ఎవలూ తిట్టకపోయేది అక్కా. అందరూ మంచోళ్లే. కని కూసో అని ఒక్కలు సుత అనకపోయేది. మా నాయిన మోకాళ్లు గప్పటికే నొస్తుండె," అని ఒకసారి నాతో చెప్పింది. చెప్పి, వెంటనే ఇంకేదో మాట్లాడి నవ్వేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మంద సేవ అనే ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. రైతులు ముందుగా మా కంపెనీకి చెబుతారు, కాపరులూ చెబుతారు. ఏ రోజు ఏ మంద ఏ పొలానికో మేం కుదుర్చుతాం. పొద్దున్నే ఇద్దరికీ ఫోన్లో మెసేజ్ వెళుతుంది. కాపరి సాయంత్రం ఎవరి గేటు దగ్గరా నిలబడక్కర్లేదు, నేరుగా పొలానికి వెళ్లిపోవచ్చు. డైరెక్టర్లలో మాడుగులపల్లి భాస్కర్ రెడ్డి గారు ముందుగా ఒప్పుకున్నారు. "కొన్ని రోజులు నడిపి సూద్దాం. సక్కగ నడిస్తే ఉంచుదాం, పరేషాన్ అయితే బంద్ జేద్దాం," అన్నారు.

నాగరాణి కంప్యూటర్లో పట్టికలు కట్టింది. ఆమె వాటిని టేబుళ్లు అంటుంది. మందలకొకటి, కాపరులకొకటి, పొలాలకొకటి, పట్టాదారులకొకటి, ఎవరి మంద ఎప్పుడు ఎవరి పొలానికి అనే బుకింగులకి ఇంకొకటి. రోజూ పొద్దున వీటన్నిటినీ కలిపి ఒక జాబితా తీయమని కంప్యూటర్‌ని అడిగే క్వెరీ రాసింది. ఇలా కలపడాన్ని జాయిన్ అంటారట. జాబితాలో ఎన్ని వరుసలు ఉంటే అన్ని మెసేజ్‌లు వాటంతటవే వెళ్లిపోతాయి. మొదట్లో అన్నీ చక్కగా వెళ్లాయి. నాగరాణి సంతోషంలో రొట్టె తినడం మర్చిపోతుంటే, ఆ భారం కూడా నేనే మోశాను.

ఆ తర్వాత మాడుగులపల్లి వంతు వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం భాస్కర్ గారు ఫోన్ చేశారు. గొంతులో పెళ్లి సందడి. "అనసూయమ్మా, నాగరాణిని తోలుకొని సాయంత్రం మా ఊరికి రాండ్రి. మంద సేవ అంటే ఏందో ఇయ్యాల ఊరంత సూడాలె. భోజనం ఈడనే!"

చివరి మాట విన్నాక వెళ్లకుండా ఎలా ఉంటాను? ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం. అక్కడి ఆఫీసు చూసుకునే సందీప్ తన పాత కారులో మమ్మల్ని మాడుగులపల్లి తీసుకెళ్లాడు.

భాస్కర్ గారు, ఆయన తమ్ముళ్లు ఇద్దరూ పక్కపక్క ఇళ్లలో ఉంటారు. వంటలు వేరు. తండ్రి ఇచ్చిన పొలం మాత్రం ఇంకా పంచుకోలేదు, ముగ్గురి పేర్ల మీదా కలిపే ఉంది. మేం కారు దిగేసరికి మూడు వాకిళ్లలో మూడు కట్టెల పొయ్యిలు మండుతున్నాయి. మూడింటి మీదా పెద్ద గిన్నెలు. బగారా అన్నం వాసన, కోడికూర వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది. నాగరాణి మాత్రం ఆ గిన్నెల్ని చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, గింత వంట ఎందుకు?"

భాస్కర్ గారే జవాబు చెప్పారు. ఫోన్ తీసి చూపిస్తూ, "సూడు బిడ్డా. నాకు నాలుగు మెసేజ్‌లు. ఈ సాయంత్రం మీ పొలానికి మూడు వందల గొర్రెల మంద వస్తుంది, కాపరి సతీష్. గిది ఒకటి. మల్లొకటి సూడు, ఇంకో కాపరి. గిట్ల నాలుగు. మా నడిపోనికి నాలుగు, మా సిన్నోనికి నాలుగు. పన్నెండు మందలు! మా తాత జమానల సుత గిన్ని మందలు మా పొలంల పడలే!"

అందుకని ముగ్గురు అన్నదమ్ములూ నాలుగేసి మందల కాపరులకి సరిపడా వంట చేయిస్తున్నారు. ఊళ్లో సగం మంది మందల రాక చూడ్డానికి రోడ్డు మీద నిలబడి ఉన్నారు. పిల్లలైతే చెట్లెక్కారు.

పొద్దు వాలుతుండగా దారి మీద దుమ్ము లేచింది. మంద వచ్చింది. ముందు సతీష్, వెనక ముగ్గురు మగవాళ్లు, వాళ్లకి వండిపెట్టే ఒక ఆడమనిషి, ఒక కుక్క. మంద పొలంలోకి దిగింది. దుమ్ము సర్దుకుంది. దారి ఖాళీగా కనిపించింది.

భాస్కర్ గారు దారి చివరిదాకా చూసి, "మిగిలినోళ్లు ఎన్క వస్తున్నరా?" అని అడిగారు.

సతీష్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎన్క ఎవలున్నరు పటేలా? కుక్క ఉన్నది."

భాస్కర్ గారు ఫోన్లో పేర్లు చదవడం మొదలుపెట్టారు. మొదటి పేరుకి సతీష్ "నేనే" అన్నాడు. రెండో పేరుకి పక్కనున్న పెద్దాయన చెయ్యెత్తాడు. మూడో ఆయన, నాలుగో ఆయన కూడా అక్కడే ఉన్నారు.

"మరి మీ మందలేవి?"

"గిదే మంద పటేలా. నలుగురి గొర్లు కలిపి ఒక్కటే మంద తోలుకొస్తం. ఎవని గొర్లు వాడు యేరుగా తోలుకొస్తే దొంగలు ఆగుతరా, నక్కలు ఆగుతయా?"

చెట్టు మీదున్న పిల్లాడెవడో కిసుక్కుమన్నాడు. దానితో రోడ్డంతా నవ్వులే. భాస్కర్ గారు కూడా భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనిది ఇద్దరే, నాగరాణి, భాస్కర్ గారి భార్య దేవిక.

"గీ కూరంత ఎవలు తినాలె? పొద్దటి నుంచి పొయ్యి ముంగట సచ్చిన. మెసేజ్‌లు తింటయా?" అని దేవిక గరిట పట్టుకునే అడిగింది.

తినేవాళ్లకేం కరువు? చూడ్డానికి వచ్చిన ఊరినే విస్తళ్ల ముందు కూర్చోబెట్టారు. ఎవరి ఇంట్లో పెళ్లో తెలియని పెళ్లిలా జరిగింది ఆ సాయంత్రం. నేను భాస్కర్ గారింట్లో ఒకసారి, మర్యాద కోసం చిన్న తమ్ముడింట్లో ఒకసారి తిన్నాను. నాగరాణి అన్నం కెలికి లేచిపోయింది.

కారెక్కేటప్పుడు భాస్కర్ గారు ఆమెని పక్కకి పిలిచారు. "నా పొలం గాబట్టి నవ్విన బిడ్డా. గదే ఇంకోలకు జరిగితే నవ్వరు. సోమవారం మీటింగ్ ఉన్నది. గప్పట్లోపల సరిజేయి. లేకుంటే మిగిలినోళ్లు బంద్ జేయమంటరు, నేను ఆపలేను."

మర్నాడు నేను ఆఫీసు మెట్లెక్కేసరికే నాగరాణి కంప్యూటర్ ముందు ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఖతం అక్కా. సరిజేసిన."

"ఏం చేశావేంటి?"

"జాబితాల కాపర్ల పేర్లు, పట్టాదారుల పేర్లు తీసేసిన. ఏ ఊరి మంద, ఎన్ని గొర్లు, ఏ ఊరికి పోతది, గంతే. మీద డిస్టింక్ట్ అని ఒక్క మాట పెట్టిన. ఒకే తీరు వరుసలు ఎన్నున్నా ఒక్కటే సూపిస్తది. సూడు, మాడుగులపల్లికి పన్నెండుండె, ఒక్కటైంది."

చూశాను. ఒక్కటే ఉంది. ఒక్క మాటతో పదకొండు మందలు మాయమయ్యాయి. నాకు గొప్పగానే అనిపించింది. ఇక మెసేజ్‌లు వాటంతటవి వెళ్లకుండా ఆపింది. జాబితా సందీప్‌కి పంపుతుంది. అక్కడి కాపరులు, రైతులు అతనికి తెలిసినవాళ్లే, ఫోన్ చేసి దారి చూపిస్తాడు. తర్వాతి రెండు రోజులూ ఒక్క గొడవ రాలేదు. నాగరాణి మళ్లీ డబ్బా తెచ్చింది.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. దామరచర్ల నుంచి వెంకటమ్మ. ఆమె నాలుగెకరాలు సొంతంగా చేసుకునే మనిషి. గొంతు ఫోన్ లేకపోయినా సూర్యాపేట దాకా వినబడుతుంది.

"ఏమమ్మా, నిన్న నా పొలానికి మంద వస్తదంటిరి. ఏది? సీకటి పడేదాక గట్టు మీద కూసున్న. అన్నం వండిపెట్టిన, కుక్కలకేసిన. రేపు ట్రాక్టర్ వస్తది దున్నుటానికి. మంద పడేదాక దున్నొద్దని ఇన్ని రోజులు ఆపుకున్న. మీ కంపెనీని నమ్ముకుంటే గిట్లనేనా?"

నేను మాటకి మాట అనే మనిషినే గానీ, ఆ తల్లి మాటల్లో తప్పేదీ దొరకలేదు. "కనుక్కుని చెబుతానమ్మా" అని పెట్టేసి, నాగరాణిని అడిగాను. ఆమె బుకింగుల టేబుల్ తెరిచింది. వెంకటమ్మ పొలానికి ఆదివారం మంద ఉంది. కాపరి పేరు చూసి నాగరాణి ఫోన్ అందుకుంది. కాపరి బీరయ్య.

తండ్రికి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది, కావాలని కాదు, తొందరలో వేలు తగిలింది.

"నాయినా, నిన్న దామరచర్లల మంద పెట్టినవా?"

"పెట్టిన బిడ్డా. మనది లిస్టుల లేకుండె. సందీప్ సారు మీ అత్తకు ఫోన్ జేసిండు, అక్క మంద పోయింది. ఒక్కటే ఉన్నదన్నడు. మన వంతు రేపు ఉంటదనుకున్న."

"మరి ఏడ పెట్టినవ్?"

"ఒక పటేలు ఇంటికి పోయి అడిగిన. జర సేపు గేటు కాడ నిలవడ్డ. పెట్టుకోమన్నడు. ఏం గాలే తియ్. నువ్వు తిన్నవా?"

ఫోన్ పెట్టేశాక నాగరాణి నా వైపు తిరిగింది. "అక్కా," అంది, "మా నాయిననే తీసేసిన."

ఎలా జరిగిందో ఇద్దరికీ అర్థమైంది. బీరయ్యది, ఆయన అక్క సోమమ్మది ఒకే ఊరు. చెరో మంద. గొర్రెలు ఎన్నని అడిగితే ఇద్దరూ "రెండు వందలు" అనే చెబుతారు. ఒకటొకటిగా లెక్కపెట్టి పైకి చెబితే మందకి దిష్టి తగులుతుందని కాపరుల నమ్మకం. అందుకని గుండుగుత్తగా చెప్పేస్తారు. ఆదివారం ఇద్దరి మందలూ దామరచర్లకే వెళ్లాలి, రెండు వేరు వేరు పొలాలకి. పేర్లు తీసేసిన జాబితాలో ఆ రెండు వరుసలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. డిస్టింక్ట్ రెండిట్లో ఒకదాన్ని దాచేసింది. నిజంగా ఉన్న మంద, నిజంగా ఎదురుచూస్తున్న రైతు, ఇద్దరూ గల్లంతు.

నాగరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది, దాన్ని మించి కోపమొచ్చింది. జాలి పడితే నాకు కోపమే వస్తుంది.

"చూడమ్మాయ్, ఏడిస్తే ఏడువు, లేదంటే పని చెయ్యి. రెండూ కలిపి చేస్తే టీ చల్లారిపోద్ది. మూడింటికి మీటింగు."

ఆమె కళ్లు తుడుచుకుని డిస్టింక్ట్ అన్న మాటని తీసేసింది. "ఎక్కువొచ్చినయని మూత పెట్టిన గని, ఎక్కడి నుంచి వస్తున్నయో సూడలే. ఇగ అన్నీ ఒక్కసారే కలుపను. ఒక్క బుకింగే తీసుకుంట, భాస్కర్ సార్‌ది. ఒక్కొక్క టేబుల్ కలుపుకుంట పోత. నువ్వు వరుసలు సూస్తుండు."

కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. ముందు బుకింగుల టేబుల్ ఒక్కటే అడిగింది. ఒక్క వరుస వచ్చింది. దానికి మందల టేబుల్ కలిపింది. ఒక్కటే. పొలాల టేబుల్ కలిపింది. అప్పటికీ ఒక్కటే. కాపరుల టేబుల్ కలిపింది.

"నాలుగు!" అన్నాను, నా కంటే ముందు నా వేలు స్క్రీన్ మీదికి వెళ్లిపోయింది.

నాగరాణి తల ఊపి, పట్టాదారుల టేబుల్ కూడా కలిపింది. నాలుగు కాస్తా పన్నెండయ్యాయి.

నేను వాటిని ఒక్కొక్కటీ చదివాను. సతీష్ పక్కన భాస్కర్ గారు. సతీష్ పక్కన నడిపి తమ్ముడు. సతీష్ పక్కన చిన్న తమ్ముడు. తర్వాత రెండో కాపరి, మళ్లీ అదే ముగ్గురు. "నలుగురు కాపరుల్లో ఒక్కొక్కరికీ ముగ్గురేసి అన్నదమ్ముల్ని జోడించిందన్నమాట. మరి ఇందులో తప్పు వరుస ఏదీ?"

"తప్పు వరుస ఒక్కటి లేదక్కా. పన్నెండూ నిజమే. సతీష్ గొర్లు గా పొలానికి పోతయి, నిజం. గా పొలంల సిన్న తమ్మునికి హక్కున్నది, నిజం. నేను మందలను సూపియ్యమని అడుగుదామనుకున్న. కని రాసింది మనుషులను సూపియ్యమని. ఒక వరుస అంటే దేనికి లెక్క అని మొదలు ఖాయం జేసుకోలే."

"గొర్రెల ఇంట్లో పుట్టావు కదే, నలుగురివి కలిపి ఒకే మంద అని నీకు తెలియదా?"

నాగరాణి ఆ రోజు మొదటిసారి నవ్వింది. "ఎంత తెలుసంటే అక్కా, తెలుసన్న సంగతే యాదికి రాలే. మందకు నలుగురుంటరని పట్టికల ఎక్కించిన, మెసేజ్ రాసేటప్పుడు మర్చిన. మొదట్ల వచ్చినయన్ని ఒక్కల మందలు, ఒక్కల పొలాలు. అందుకే బయటపడలే."

నాకు విషయం అంతుపట్టింది. "మా ఇళ్లలో పెళ్లికి పిలిచేటప్పుడు శుభలేఖ ఇంటికొకటి ఇస్తాం. పేర్లన్నీ దాని మీదే రాస్తాం. తలకొక కార్డు ఇస్తే మీ భాస్కర్ గారింట్లో జరిగిందే జరుగుద్ది."

"గదే అక్కా, గదే!" అని నా భుజం మీద ఒక్కటేసింది. పిల్ల చెయ్యి గట్టిది.

ఆ తర్వాత ఆమె చేసింది నాకు పూర్తిగా అర్థమైంది. కంప్యూటర్ పని నాకు అర్థం కావడం మా ఆఫీసు చరిత్రలో అదే మొదలు. ముందుగా ఒక్కో మంద కాపరుల పేర్లన్నీ ఒకే వరుసలోకి చేర్చింది. ఒక్కో పొలం పట్టాదారుల్నీ అలాగే ఒక వరుసలోకి తెచ్చింది. ఆ తర్వాతే బుకింగులతో కలిపింది. ప్రతి వరుసకీ బుకింగు నంబరు అంటిపెట్టింది, మంద పరిమాణం, ఊరు ఒకటే అయినా రెండు మందలు ఒకటైపోకుండా. ఆఖరున ఒక కాపలా పెట్టింది. బుకింగులు ఎన్ని ఉన్నాయో జాబితాలో వరుసలు సరిగ్గా అన్నే ఉండాలి. ఒక్కటి పెరిగినా, ఒక్కటి తగ్గినా మెసేజ్‌లు కదలవు.

పాత రోజుల మీద నడిపి చూసింది. మాడుగులపల్లికి ఒక్క వరుస, అందులో నలుగురు కాపరులు, ముగ్గురు అన్నదమ్ములు, అందరూ ఒకచోటే. ఆదివారానికి దామరచర్లలో రెండు వరుసలు. ఒకటి సోమమ్మ, ఒకటి బీరయ్య. నాగరాణి తండ్రి పేరుని వేలితో తాకింది. నేను ఇటు తిరిగి టీ తాగాను.

మూడింటికి డైరెక్టర్లు వచ్చారు. నాగరాణి రెండు తప్పులూ దాచకుండా చెప్పింది. పన్నెండెలా వచ్చాయో గోడ మీద తెరకి వేసి చూపించింది. మొదటి తప్పు సరిదిద్దబోయి రెండోది ఎలా చేసిందో కూడా చెప్పింది. అందులో పోయిన మంద తన తండ్రిదని మాత్రం చెప్పలేదు. నేను చెప్పాను. నాకు నోరు ఆగదు.

ఒక డైరెక్టరు గొణిగాడు. "గీ టేబుళ్లు, జాయిన్లు మనకెందుకు? ఎప్పటి తీర్గనే కాపర్లు వచ్చి అడుగుతరు, మనం పెట్టించుకుంటం."

నాగరాణి మెల్లగా, "గట్ల అడుగుడు బంద్ గావాలెననే సార్ నేను గిది జేసింది," అంది.

భాస్కర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇయ్యాలనే తేల్చుదాం. వెంకటమ్మ రేపు దున్నుతది. ఈ సాయంత్రం గామెకు ఒక్కటే మెసేజ్ పోవాలె, మంద వచ్చి పొలంల పడాలె. పడితే మంద సేవ ఉంటది. పడకుంటే బంద్. సరేనా?" అందరూ సరే అన్నారు. లేస్తూ నాగరాణితో అన్నారు, "నాకు మాత్రం యాడాదికోసారి పన్నెండు పంపు బిడ్డా. మా ఊరోళ్లు ఇంకా ఆ కూర సంగతే మాట్లాడుకుంటున్నరు."

నాగరాణి ఆ సాయంత్రానికి వెంకటమ్మ పొలానికి తండ్రి మందతో కొత్త బుకింగు వేసింది. బుకింగులు, వరుసలు సరిపోయాయి. మెసేజ్ వెళ్లింది. కాసేపటికే వెంకటమ్మ ఫోన్.

"ఒక్కటే వచ్చింది. మాడుగులపల్లోళ్లకు పన్నెండొచ్చినయట గద? నాకొక్కటేనా? నిజంగనే వస్తదా?"

"ఒక్కటే వస్తదమ్మా, నిజంగా వస్తది," అని నాగరాణి కాళ్లమీద పడినంత పని చేసింది.

ఇక మిగిలింది ఎదురుచూడటమే. నా కోదాడ బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు కూడా వెళ్లిపోయింది. నేను పట్టించుకోలేదు. ఆఫీసు కిటికీలోంచి బస్టాండు దీపాలు వెలగడం చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, దానివైపు చూడనట్టు నటిస్తూ చూస్తోంది. ఫోన్ మోగింది. ఈసారి స్పీకర్ తనే నొక్కింది.

"బిడ్డా, మంద పడ్డది. పొలం మంచిగున్నది, నీళ్లు సుత దగ్గర్నే."

"అన్నం తిన్నవా నాయినా?"

"గామె ఇంటికి పోయిన అన్నానికి. నేను గేటు కాడికి పోంగనే, బీరయ్య అంటే నువ్వేనా, నీ పేరు మెసేజ్‌ల వచ్చింది, రా లోపటికి అన్నది. వాకిట్ల కుర్సీ ఏసి పెట్టింది."

నాగరాణి ఫోన్ మీదికి వంగి, "కూసున్నవా?" అని అడిగింది.

"కూసున్న."

"మంచిగ కూసున్నవా నాయినా?"

"కూసున్న బిడ్డా. కూసోనే తిన్న."

"కుర్సీలనే కూసున్నవా?"

"కూసున్న అంటున్న గద, ఒక్కటే మాట ఎన్నిసార్లు అడుగుతవే?"

నాగరాణి నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అదే అడిగింది.